సోది చెప్పే యంత్రాలు

గత నెలలో రెండు పుస్తకాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టుకొని చదివాను. మొదటిది కొలంబియా విశ్వవిద్యాలయపు వ్యాపార విద్యాలయంలో ఆచార్యురాలైన శాండ్రా మాట్జ్ 2025లో వెలువరించిన 'మైండ్‌మాస్టర్స్'. రెండవది మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన 'డిసానర్డ్ బై హిస్టరీ'. ఒకటి ఫోన్లో మనం వదిలే జాడలనుబట్టి మన స్వభావాన్ని లెక్కగట్టే విద్యను గురించి. మరొకటి బ్రిటిష్ ప్రభుత్వం 'నేరస్థ జాతులు' అని ముద్ర వేసిన ప్రజలను గురించి. ఈ రెండింటికీ సంబంధమేమిటని మిత్రులు అడగవచ్చు. బేసింగ్‌స్టోక్ నుంచి వాటర్లూ వెళ్ళే రైల్లో మొదటి పుస్తకం చదువుతున్నప్పుడు, నా చిన్ననాటి మరొక రైలు జ్ఞాపకం వచ్చింది. అందుకే రెండవ పుస్తకాన్ని అటకమీదనుంచి దించవలసి వచ్చింది.

మాట్జ్ తన పుస్తకాన్ని తాను పెరిగిన ఊరితో ఆరంభిస్తారు. నైరుతి జర్మనీలో ఐదువందలమంది ఉండే చిన్న గ్రామం. అక్కడ అందరికీ అందరి సంగతీ తెలుసు. అలా తెలియడంవల్ల ఇబ్బందీ ఉంది, ఆసరా కూడా ఉంది. నేటి అంకెల ప్రపంచం అటువంటి ఊరేననీ, మన కొనుగోళ్ళూ వెతుకులాటలూ ఇష్టాయిష్టాలూ గమనించే యంత్రాలు ఆ ఊళ్ళోని ఇరుగుపొరుగు వంటివేననీ ఆమె పోలిక. చదవడానికి హాయిగా ఉంది. ఆమె నిజాయితీగల రచయిత్రి. ఈ విద్యవల్ల జరిగే కీడును దాచిపెట్టలేదు. పొదుపు చేయించడానికీ, మనోవ్యాధులను ముందుగా పసిగట్టడానికీ దీనిని వాడుకోవచ్చునని ఆశపడ్డారు. సమాచారాన్ని జనమే సహకార సంఘాలుగా ఏర్పడి కాపాడుకోవాలని కూడా సూచించారు. అయినా ఆ మొదటి పోలికతోనే నాకు పేచీ.

మాదీ పల్లెటూరే, బాపట్లకు చేరువలో. మా ఊళ్ళో రత్తమ్మత్తకు నా గుణగణాలన్నీ తెలిసినమాట నిజం. రత్తమ్మత్త గుణగణాలు కూడా నాకు అంతే క్షుణ్ణంగా తెలుసు. ఆవిడ నన్ను 'వట్టి మొండిఘటం' అన్నదంటే, ఆ మాట అన్నది ఎవరో, ఎందుకన్నదో, ఏ పెరటిగోడ తగాదా మనసులో పెట్టుకొని అన్నదో ఊరంతటికీ తెలుసు. పండక్కి అరిసెలు తెచ్చినప్పుడు ఆ మాటను ఆవిడే వెనక్కి తీసుకునేది. ఏ కాలిఫోర్నియా గిడ్డంగిలోనో నా స్వభావాన్ని ఐదు అంకెలుగా రాసిపెట్టుకున్న పొరుగువాడి ముఖం నేను చూడలేదు. అతడు అరిసెలు తేడు. అందువల్ల దానిని ఊరు అనడం ఊరికే అవమానం.

ఇక ఆ విద్యలో ఎంత సత్తువ ఉందో వైద్యుడిగా పరిశీలించాను. 2013లో మైకల్ కొసిన్‌స్కీ, డేవిడ్ స్టిల్‌వెల్, థోర్ గ్రేపల్ కలిసి కేంబ్రిడ్జి కేంద్రంగా ఒక పరిశోధన ప్రకటించారు. 58,000 మందికి పైగా స్వచ్ఛందంగా ఇచ్చిన ఫేస్‌బుక్ 'లైక్'లనుబట్టి వారి వ్యక్తిత్వాన్ని ఊహించారు. 2015లో మరో పరిశోధన వచ్చింది. పది లైకులుంటే యంత్రం మిమ్మల్ని మీ సహోద్యోగికంటే మెరుగుగా అంచనా వేస్తుందనీ, మూడువందలుంటే జీవిత భాగస్వామిని కూడా మించిపోతుందనీ దాని సారాంశం. ఈ వాక్యం ప్రపంచమంతా మారుమోగింది. 'నీ పెళ్ళాంకంటే ఫేస్‌బుక్‌కే నువ్వు బాగా తెలుసు' అని మిత్రులు నాకు పంపని వాట్సప్ బృందం లేదు.

ఆ వాక్యం వెనుక ఉన్న కొలబద్ద ఏమిటో ఎవరూ అడగలేదు. మనిషి తనను గురించి తాను నింపిన ప్రశ్నపత్రం ఒకటి ఉంది. ఆ ప్రశ్నపత్రపు మార్కులను ఊహించడమే అక్కడి పోటీ. నేను నా గురించి ఏమి రాసుకున్నానో యంత్రం ఊహించగలిగితే, నన్ను ఎరిగినట్టు లెక్క. నా భార్య ఇరవయ్యెనిమిదేళ్ళ కాపురంలో తెలుసుకున్నదేమిటంటే, నా గురించి నేను చెప్పుకునేదానిలో సగం నిజం కాదని! ఆ పోటీలో ఆమె ఓడిపోవడం ఆమె గొప్పతనమే.

మొదటి పరిశోధనలో లైకులకూ వ్యక్తిత్వ గుణాలకూ మధ్య పొత్తు, గుణాన్నిబట్టి, సుమారు 0.3 నుంచి 0.43 వరకు తేలింది. లెక్కల్లో దాని అర్థం, మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో వందకు తొమ్మిది నుంచి పద్దెనిమిది పాళ్ళు మాత్రమే ఆ లైకులవల్ల అంతుపట్టిందని. పరిశోధనగా ఇది విలువైనదే, లక్షలమందిమీద ప్రకటనలు గుప్పించేవాడికి లాభసాటి కూడా. 2017లో మాట్జ్ స్వయంగా పాల్గొన్న ప్రయోగంలో, స్వభావానికి తగినట్టు మలచిన ప్రకటనలు ముప్ఫై అయిదు లక్షలకు పైగా జనానికి చేరాయి. కొనుగోళ్ళు కొన్నిచోట్ల యాభై శాతం దాకా పెరిగాయి. గుంపుమీద పనిచేసే అంచనా వేరు, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషిమీద తీర్పు వేరు. ఇంతటి బలహీనమైన పరీక్ష ఆధారంగా నేను ఒక రోగికి గుండె ఆపరేషన్ రాసిస్తే నా పట్టా ఊడుతుంది.

మనిషి ఎందుకు ఇంత తేలికగా నమ్ముతాడన్నదానికి 1948 నాటి ఒక ప్రయోగం జవాబు చెబుతుంది. బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తరువాత ఒక్కొక్కరికీ ఫలితం రాసిన కాగితం ఇచ్చాడు. అది తమకు ఎంత బాగా వర్తిస్తుందో ఐదింటికి మార్కులు వేయమన్నాడు. సగటున నాలుగుకు మించి వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలు అంగట్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోనుంచి ఏరినవి. మన ఊళ్ళలో బుట్ట నెత్తిన పెట్టుకొని, చేత్తో కర్ర పట్టుకొని 'సోది చెబుతానమ్మా సోది' అంటూ వచ్చే ఎరుకలసాని ఈ సంగతి ఫోరర్ కన్న కొన్ని వందల ఏళ్ళ ముందే ఎరుగును. ఆమెకూ యంత్రానికీ ఉన్న తేడా ఒక్కటే. ఎరుకలసాని మన ఎదుట కూర్చొని, మన చెయ్యి పట్టుకొని చెప్పేది. మనం కాదంటే మాట మార్చేది. యంత్రం మన పరోక్షంలో, మనకు కాక ఇంకెవరికో చెబుతుంది.

ఐదు అంకెలన్నాను. అవి ఏమిటో చెప్పాలి. కొత్తదనంపట్ల ఆసక్తి, క్రమశీలత, బహిర్ముఖత, సర్దుబాటు గుణం, కలతచెందే స్వభావం. మనిషి మొత్తం ఈ ఐదింటిలో ఇమిడిపోతాడని సిద్ధాంతం. ఇవి ఎక్కడినుంచి వచ్చాయి? నిఘంటువులోనుంచి. 1936లో గార్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే అమెరికన్లు వెబ్‌స్టర్ నిఘంటువును జల్లెడపట్టి, మనిషి నడతను వర్ణించే మాటలు దాదాపు 18,000 ఏరారు. తరువాతివారు వాటిని వడపోసి, గుంపులు కట్టి, చివరికి ఐదు చేశారు. ఒక భాషలోని విశేషణాలు మానవజాతికి అస్థిపంజరమైపోయాయి! 2013లో బొలీవియా అడవుల్లోని చిమానే తెగలో 632 మందిని పరీక్షించిన పరిశోధకులకు ఈ ఐదు గుణాల చట్రం కనిపించనే లేదు.

తెలుగు నిఘంటువుతో మొదలుపెట్టి ఉంటే? మొహమాటం అనే మాట ఒక్కటి తీసుకోండి. అది సర్దుబాటు గుణమా, కలతచెందే స్వభావమా, బహిర్ముఖత లేకపోవడమా? మొహమాటం మనిషి లోపల ఉండే గుణమే కాదు. ఇద్దరి మధ్య ఉంటుంది, ఎదుటివారు మారితే మాయమవుతుంది. బావమరిదితో లేని మొహమాటం వియ్యంకుడితో పుట్టుకొస్తుంది. అభిమానం, ఉక్రోషం, బింకం, గడుసుతనం, పెంకితనం కూడా అంతే. కొడుకులను చూడడానికి ఈ దేశం వచ్చి, జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న మన అమ్మలను ఎందరినో చూశాను. 'నొప్పి పదికి ఎంత?' అని నర్సు అడిగితే, 'ఏదో కొద్దిగా, రెండనుకో నాయనా' అంటారు. కాగితంమీద 2 అని పడుతుంది. మొహమాటానికి అక్కడ గడి లేదు.

ఈ నిఘంటువు ఆలోచన ఆల్‌పోర్ట్‌ది కూడా కాదు. 1884లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆంగ్లేయుడు రోజే పర్యాయపద కోశం తిరగేసి, శీలాన్ని తెలిపే మాటలు వెయ్యికి తక్కువ ఉండవని అంచనా వేశాడు. ఇతడే 1892లో వేలిముద్రలపై గ్రంథం రాసి, అవి మనిషిని గుర్తించడానికి పనికివస్తాయని శాస్త్రీయంగా స్థాపించాడు. సుప్రజననశాస్త్రానికి పేరు పెట్టింది కూడా ఇతడే. గాల్టన్ వేలిముద్రల్లో జాతి భేదాలూ బుద్ధి భేదాలూ కనబడతాయని ఎంతో ఆశతో వెదికాడు. ఏమీ దొరకలేదు. దొరకలేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. గుర్తింపు ఒక దారి, గుణనిర్ణయం మరొక దారి అని ఆ శాస్త్రానికి పునాదివేసిన మనిషికే ఋజువైంది. అతడు మా ఊరికి దగ్గరలోనే, హేజిల్‌మియర్‌లో 1911 జనవరిలో కన్నుమూశాడు. 2020లో లండన్ యూనివర్సిటీ కాలేజీ తన ఉపన్యాసశాలకున్న అతడి పేరును తొలగించింది.

గాల్టన్ చనిపోయిన ఆ సంవత్సరమే మన దేశంలో ఏం జరిగిందో మీనా రాధాకృష్ణ పుస్తకం చెబుతుంది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాజధానికి విస్తరించారు. ఒక కులంలో పుట్టడమే నేరస్వభావానికి ఋజువు. పేరు నమోదు, వేలిముద్ర, హాజరు, అనుమతి లేకుండా ఊరు దాటరాదు. వేలిముద్ర 'ఇతడు ఎవరు' అని చెప్పింది. పక్కన ఉన్న గడి 'ఇతడు ఎటువంటివాడు' అని చెప్పింది. రెండూ ఒకే పుస్తకంలో, ఒకే వరుసలో. ఈ జాబితాలోకి ఎక్కినవారిలో మన ఎరుకలవారు ఉన్నారు. ఎదుటివారి మనసు చదివి సోది చెప్పే జాతికి ప్రభుత్వం సోది చెప్పింది!

వారు ఒకప్పుడు గాడిదలమీదా ఎద్దులమీదా ఉప్పూ ధాన్యమూ మోసి అమ్ముకున్న సంచార వర్తకులు. ప్రభుత్వపు ఉప్పు విధానం, రైళ్ళ రాక వారి వర్తకాన్ని నాశనం చేశాయని రాధాకృష్ణ దస్తావేజులతో చూపిస్తారు. బతుకుతెరువు పోయినవాడి దేశదిమ్మరితనాన్ని సర్కారు పుట్టుకతో వచ్చిన గుణంగా రాసుకుంది. వారిని దిద్దడానికి సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి, బాపట్ల చేరువలో ఒక స్థావరం కట్టి, హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు పెట్టారు. స్టువర్టుపురం. చీరాల పొగాకు కార్ఖానాకు కూలీలు కావలసివచ్చినప్పుడు ఆ 'నేరస్వభావం' ఎవరికీ అడ్డురాలేదు.

చిన్నప్పుడు బాపట్లలో రైలెక్కి చీరాల వెళ్ళేటప్పుడు, స్టువర్టుపురం స్టేషన్ వస్తోందనగానే పెట్టెలోని పెద్దవాళ్ళు కిటికీ తలుపులు దించేసేవారు. మా నాయనమ్మ గాజులు కొంగుకింద దాచుకొనేది. చట్టం రద్దయింది 1952లో. నేను చెబుతున్నది ఆ తరువాత పాతికేళ్ళ నాటి మాట. గుర్రం జాషువాగారి కుమార్తె హేమలతా లవణం ఆ ఊరి మనుషులను మనుషులుగా చూసి వారి మధ్య పనిచేశారు. అయినా ఆ పేరును సినిమాలు నేటికీ వదలలేదు. 2023లో వచ్చిన 'టైగర్ నాగేశ్వరరావు' దాకా అదే ముద్రమీద అదే వ్యాపారం. గడిలో రాసింది చట్టం చెరిపేసినా చెరగదు. ఆ గుణనిర్ణయం తప్పు కావడం ఎవరికీ ఊరట కలిగించలేదు.

అందుకే, 'ఈ విద్య అంతగా పనిచేయదు కదా, ఎందుకు భయం?' అనేవారితో నేను ఏకీభవించను. కేంబ్రిడ్జ్ అనలిటికా ఉదంతం గుర్తుందా? ఒక వ్యక్తిత్వ పరీక్ష పేరుతో సుమారు 2,70,000 మంది ద్వారా 8.7 కోట్లమంది సమాచారం చేరిపోయింది. వారిలో 5.62 లక్షలమంది భారతీయులు ఉండవచ్చునని ఫేస్‌బుక్కే చెప్పింది. 2020లో ఇక్కడి సమాచార కమిషనర్ ఎలిజబెత్ డెన్హమ్ విచారణ ముగిస్తూ, ఆ సంస్థ వాడినవి చాలామటుకు అందరూ వాడే పద్ధతులేనని తేల్చారు. కొందరు 'హమ్మయ్య' అన్నారు. నాకు అది మరింత దిగులు పుట్టించింది. మాయలేదు సరే, అందరూ చేస్తున్నది అదేనన్నమాట.

మన దగ్గర సంగతి. తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. తరువాత 'సమగ్ర వేదిక' అనే యంత్రాంగం వివిధ శాఖల పట్టికలను కలిపి కుట్టి, ఎవరు పేదలో ఎవరు కారో ఊహించసాగింది. అది మనసులను లెక్కగట్టలేదు, నిజమే. కారు ఉందా, పన్ను కట్టారా అన్నంతవరకే చూసింది. ఆ తేలిక ఊహలోనే పేర్లు కలగాపులగమై, అర్హుల రేషన్ కార్డులు కూడా పోయాయి. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ సరిచూడమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసివచ్చింది. కారు ఉందో లేదో చెప్పడంలోనే ఇంత పొరపాటుపడే యంత్రం, 'ఈమె నమ్మదగిన మనిషి కాదు' అని చెబితే ఎవరు ఏ ఇంటికి వెళ్ళి సరిచూస్తారు? వాకిట్లో కారు లేదని చూపించవచ్చు. మనసులో కపటం లేదని చూపించేది ఎలా?

'డాక్టరుగారూ, మీరు చేసేదీ ఇదే కదా' అని నా మీద వచ్చే ఆక్షేపణ న్యాయమైనదే. దానికి జవాబుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఈ దేశానికి వచ్చిన కొత్తలో, ఉత్తరాది పట్టణంలోని ఒక ఆసుపత్రిలో రాత్రి విధుల్లో ఉండగా అరవై దాటిన ఒకావిడ ఆయాసంతో వచ్చింది. కేసు కాగితాల మొదటి పేజీలోనే 'ఆందోళన స్వభావం' అని ఉంది. పరీక్షించాను, చదివినదే నా కళ్ళకూ కనిపించింది. ధైర్యం చెప్పి ఇంటికి పంపాను. మూడోరోజు ఊపిరితిత్తుల్లో రక్తపుగడ్డతో అంబులెన్సులో వచ్చింది. బతికింది. కోలుకున్నాక క్షమాపణ చెప్పడానికి వెళ్తే ఆవిడ కోపగించలేదు. 'ఆ మాట నాగురించి మొదట ఎవరు రాశారు?' అని మాత్రం అడిగింది. కాగితాలన్నీ వెనక్కి తిరగేశాను. పదకొండేళ్ళ క్రితం, భర్త పోయిన వారానికి గుండెదడతో వచ్చినప్పుడు, ఎవరో నావంటి చిన్న డాక్టరు రాసిన మాట. ఒక వారపు దుఃఖం పదకొండేళ్ళపాటు స్వభావమై, చేతినుంచి చేతికి నకలైపోయింది.

అక్కడ ఆమెకు నేను దొరికాను. నా పేరు ఆ కాగితం కింద ఉంది. నామీద ఫిర్యాదు చేయడానికి వైద్యమండలి ఉంది. పక్కన దిద్దుబాటు రాయించుకునే హక్కు ఉంది, నేనే రాశాను. యంత్రం రాసుకున్న గుణానికి సంతకం ఉండదు, మొదటి పేజీ కూడా ఉండదు.

సదుద్దేశం చాలదనడానికి ఇక్కడిదే ఒక ఉదాహరణ. ఆత్మహత్యల నివారణకు జీవితాలు ధారపోస్తున్న సమారిటన్స్ సంస్థ 2014 అక్టోబరు చివర 'రాడార్' అనే ఏర్పాటు ప్రవేశపెట్టింది. మీరు ట్విటర్‌లో అనుసరించేవారి రాతల్లో నిస్పృహ కనిపిస్తే మీకు కబురందుతుంది. ఆ రాసినవారికి మాత్రం తమను గమనిస్తున్నట్టు తెలియదు. మనోవ్యాధులతో బాధపడేవారే ముందు ఎదురుతిరిగారు. తమ బలహీన క్షణాలు తమను వేధించేవారికి కూడా చేరతాయన్నారు. నవంబరు 7 నాటికి ఆ సంస్థ దానిని నిలిపివేసింది. తప్పు తెలుసుకొన్న ఆ వేగానికి నా నమస్కారం.

నా అభ్యంతరం సాంకేతికతమీద కాదు. ఆధార్ నాకూ ఉంది. 2025 సెప్టెంబరులో కియర్ స్టార్మర్ ప్రకటించిన అంకెల గుర్తింపు పథకంమీద ఇక్కడ వాదోపవాదాలు నడుస్తున్నాయి. 2006లో చట్టంచేసిన గుర్తింపు కార్డులను 2010లో రద్దుచేసిన దేశమిది, ఆ వాదం వారిష్టం. నేను అడిగేది ఒక గీత. గుర్తింపు 'ఎవరు' అనే ప్రశ్నకు జవాబు చెప్పి ఆగాలి. 'ఎటువంటివారు' అనే గడిని దానికి అతికించకూడదు, ప్రభుత్వమైనా, బ్యాంకైనా, ఉద్యోగమిచ్చేవారైనా. ఐరోపా సమాజం ఈ దిశగా ఒక అడుగు వేసింది. కేవలం వ్యక్తిత్వ లక్షణాలనుబట్టి ఎవరు నేరం చేస్తారో ఊహించే యంత్రాలను 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించింది. స్టువర్టుపురం మీదుగా ప్రయాణించినవాడికి ఆ వాక్యం చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. బ్రిటన్ ఆ సమాజంలో లేదు గనుక ఆ నిషేధం మా గడప దాటదు. భారతదేశంలో 2017 పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కు చేసింది. 2023 నాటి చట్టం పిల్లల ప్రవర్తనను వెంబడించడాన్ని నిషేధించింది. పెద్దవాళ్ళకు అటువంటి నిషేధమేదీ రాయలేదు.

మా ఊరి అంగడివీధిలో జేన్ ఆస్టిన్ కంచు విగ్రహం ఉంది. ఆమె పుట్టిన స్టీవెన్టన్ ఇక్కడికి కొద్ది మైళ్ళే. ఆమె తన ప్రసిద్ధ నవలకు మొదట పెట్టుకున్న పేరు 'తొలి అభిప్రాయాలు'. ఎలిజబెత్ డార్సీని ఒక నాట్యసభలో చూసి గుణనిర్ణయం చేసింది. తెలివైన పిల్ల, చాలినంత సమాచారం ఉన్నదనుకుంది. తప్పు తెలుసుకోవడానికి ఆమెకు ఒక ఉత్తరమూ, దానిని మళ్ళీ మళ్ళీ చదివే ఓపికా, సగం నవలా పట్టాయి. మాట్జ్ పుస్తకంలో నాకు లోటనిపించింది ఆ ఉత్తరమే. లెక్కగట్టబడినవాడు తిరిగి జవాబు రాసే చోటు ఎక్కడా కనిపించలేదు.

పుస్తకం మూసి, నేను పదేళ్ళుగా సరుకులు కొంటున్న ఒక దుకాణానికి ఉత్తరం రాశాను. నాగురించి వారి దగ్గర ఉన్న సమాచారమంతా, నేను ఇచ్చినదే కాక వారు ఊహించుకున్నది కూడా పంపమని. ఈ దేశపు చట్టం ప్రకారం అడిగే హక్కు అందరికీ ఉంది, నెలరోజుల్లో జవాబివ్వాలి. నా భార్య కూడా తన పేరిట విడిగా ఒకటి రాసింది. కందిపప్పు ఎవరి ఖాతాలో ఏ గుణంగా పడిందో చూడాలని ఆమె కుతూహలం. గడువుకు ఇంకా పదకొండు రోజులుంది.